కథలకు కొత్త రూపం: రంగుల కంటే ముందు అక్షరం

ప్రశ్న: పదేళ్లకు పైగా కథలు రాస్తున్నాను. మొదటి సంపుటి కాపీలు ఎప్పుడో అయిపోయాయి. అందులోని ఇరవై కథలూ, ఆ తర్వాత రాసిన పద్నాలుగూ కలిపి ఈ-పుస్తకంగా తెద్దామని ఉంది. పాత ఫైళ్లు తెరిచి చూస్తే అన్నీ కళ తప్పినట్టు కనిపిస్తున్నాయి. మా అబ్బాయి ప్రతి కథకూ ఒక బొమ్మ, వెనకాల రంగు, డిజైన్ అక్షరాలు పెడదామంటాడు. నాకేమో అసలు కథలే తిరగరాయాలేమో అనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ అబ్బాయి ఉత్సాహం చాలా విలువైనది. దాన్ని ముఖచిత్రం కోసం దాచి ఉంచమనండి. లోపలి పేజీల సంగతి వేరు. కథ చదివే మనిషి నాలుగు లైన్లు దాటేసరికి తన చేతిలో ఫోను ఉందన్న సంగతి మర్చిపోవాలి. మళ్లీ గుర్తుచేసే ప్రతిదీ, అది అందమైన బొమ్మ అయినా సరే, కథకు అడ్డమే. మీ పాత ఫైళ్లు కళ తప్పినట్టు కనిపించడానికి కారణం రంగులు లేకపోవడం కాదని నా నమ్మకం. అక్షరాలు ఒకదాన్నొకటి తొక్కుకోవడం, పేరాలు ఎక్కడ తెగుతున్నాయో తెలియకపోవడం, లెక్కలేనన్ని అచ్చుతప్పులు. అక్కడ మొదలుపెట్టండి.

పదేళ్లనాటి ఫైళ్లంటున్నారు కాబట్టి అవి యూనికోడ్‌లో లేకపోయే అవకాశం ఎక్కువ. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చి, ఏ యంత్రంలోనైనా అదే అక్షరంగా చదివించే పద్ధతి. అచ్చు పుస్తకాల కోసం డీటీపీ చేసినవన్నీ చాలాకాలం పాత పద్ధతి ఫాంట్లలోనే నడిచాయి. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెడతాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి, వాడండి. కానీ మార్చగానే పని అయిపోయిందనుకోవద్దు. అసలు పని అప్పుడే మొదలవుతుంది.

మార్చిన ఫైల్లో ముందుగా మూడు చోట్ల చూడండి. మొదటిది ‘ర’ ఒత్తు. ఆ ఒత్తు హల్లుకు ఎడమ పక్క నుంచి చుట్టుకుని కనిపిస్తుంది కదా, పాత ఫాంట్లలో దాన్ని హల్లుకు ముందే కొట్టేవాళ్లు. మార్చేటప్పుడు అది తప్పు అక్షరానికి అంటుకోవచ్చు, లేదా ఉత్త బ్రాకెట్ గుర్తుగా మిగిలిపోవచ్చు. ‘శ్రీ’, ‘ప్ర’, ‘క్ర’ ఉన్న మాటలన్నీ ఒకసారి వెతికి చూసుకోండి. రెండోది సున్నా. పూర్ణానుస్వారమూ, తెలుగు అంకెల్లోని సున్నా కంటికి ఒకేలా ఉంటాయి. ‘ఇంటికి’ అన్న మాటలో అనుస్వారం బదులు అంకె పడితే మీకు తేడా కనిపించదు. వెతికితే మాత్రం ఆ మాట దొరకదు. ఫోను చేత చదివించుకునేవాళ్లకు అక్కడ మాట విరిగిపోతుంది. తెలుగు అంకెలు వాడే అలవాటు మీకు లేకపోతే, ఫైలంతటా ఆ అంకె సున్నాను వెతికి, ఒక్క దెబ్బతో అనుస్వారంగా మార్చేయవచ్చు.

మూడోది చాలామంది పట్టించుకోనిది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ‘ట్’ తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే వకారం ఒత్తుగా మారిపోయి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మీ పాత్ర పేరు రాజ్‌కుమార్ అనుకోండి. ఆ గుర్తు జారిపోతే ‘రాజ్కుమార్’ అయిపోతాడు. కథ మొత్తం అతని పేరు మీద నడుస్తుంటే, పేరు కనిపించిన ప్రతిసారీ పాఠకుడి కన్ను అక్కడ తడబడుతుంది. ఇంగ్లిష్ మాటలూ, పొల్లుతో ముగిసే పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే వెతికి సరిచేయండి. ముప్పై నాలుగు కథలకు ఇది ఒక పూటలో తేలే పని కాదు. అయినా కొత్త రూపం అన్నదానికి ఇంతకంటే ముఖ్యమైన పని లేదు.

పనిలో పనిగా వర్ణక్రమం కూడా ఒక దారిలో పెట్టండి. ‘వెళ్ళు’ అని రాస్తారో ‘వెళ్లు’ అని రాస్తారో మీ ఇష్టం. రెండూ వాడుకలో ఉన్నవే. ఒక కథలో అలా, ఇంకో కథలో ఇలా ఉంటే మాత్రం పుస్తకానికి ఎడిటర్ లేరని తెలిసిపోతుంది. కొటేషన్ గుర్తులూ అంతే. కొన్ని నిటారుగా, కొన్ని వంకరగా ఉంటే సంభాషణలున్న పేజీ చిందరవందరగా కనిపిస్తుంది.

ఇక ఫాంటు. డిజైన్ అక్షరాలు కథ పేరుకు పనికొస్తాయి, కథకు పనికిరావు. రామభద్ర లాంటి బరువైన అక్షరం శీర్షికకు నిండుగా ఉంటుంది. దానితో మూడు పేజీలు చదవమంటే కళ్లు లాగేస్తాయి. లోపలి పాఠానికి మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటివి చూడండి. ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతాయి. పుస్తకంలో జతచేసి పంచుకోవచ్చు. విండోస్‌తో పాటు వచ్చే గౌతమి, నిర్మల లాంటివాటి లైసెన్సు వేరు, వాటిని ఈ-పుస్తకంలో జతచేసేముందు షరతులు చదువుకోవాలి. ఒక్క విషయం గమనించండి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒకే ఒక్క మందం ఉంటుంది. మండలి అలాంటిదే. దాన్ని బోల్డ్ చేయమంటే సాఫ్ట్‌వేర్ అక్షరం చుట్టూ సిరా పూసినట్టు లావు చేస్తుంది, అక్షరంలోని సన్నని ఖాళీలు పూడుకుపోతాయి. నోటో సెరిఫ్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు దాకా వేర్వేరు మందాలను విడివిడిగా గీసి ఇచ్చారు. బోల్డ్ అవసరమైతే అది తీసుకోండి.

వాలు అక్షరాలు మాత్రం అసలు వద్దు. పాత్ర మనసులోని మాటను ఇటాలిక్స్‌లో పెట్టడం ఇంగ్లిష్ నవలల అలవాటు. తెలుగు లిపిలో ఆ వాలుకు తగ్గట్టు అక్షరాలను గీసిన ఫాంట్లు చాలా అరుదు. సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని పక్కకు నెడుతుంది, అంతే. ఒత్తులు ఒకవైపు, గుడులు ఇంకోవైపు జరుగుతాయి. నిజానికి మన వాక్యానికి ఆ సాయం అక్కర్లేదు. ఇది చూడండి:

గేటు చప్పుడైంది. సుజాత లేవలేదు. ఇప్పుడు వచ్చి ఏం లాభం.

ఆ మూడో వాక్యం సుజాత మనసులోదని ఎవరూ చెప్పనక్కర్లేదు. వాలు లేకపోయినా, ‘అనుకుంది’ లేకపోయినా తెలిసిపోతోంది. మీ పాత కథల్లో ఎక్కడెక్కడ మనసులోని మాటలకు వాలు అక్షరాలు పెట్టారో చూసి, అవి మామూలు అక్షరాల్లో నిలబడతాయో లేదో పరీక్షించండి. నిలబడకపోతే సరిచేయాల్సింది వాక్యాన్ని.

లైన్ల మధ్య ఎడం గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. ‘స్త్రీ’ అన్న ఒక్క మాటే చూడండి. పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. దాని కింది లైన్లో సరిగ్గా అక్కడే ‘కి’ పడితే ఒత్తూ గుడీ ఢీకొంటాయి. అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు లైను ఎత్తు ఉంచండి. 1.6, 1.7 అయితే ఇంకా హాయి. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చదువరుల సౌకర్యం కోసం పెట్టిన అత్యున్నత స్థాయి నియమాల్లోనూ పేరాలో ఎడం కనీసం ఒకటిన్నర ఉండాలనే ఉంది. అది ఏ లిపికైనా చెప్పిన మాట. కిందా మీదా గుర్తులున్న మన లిపికి ఆ మాట మరీ వర్తిస్తుంది.

అదే చోట ఇంకో మాట కూడా ఉంది. పాఠాన్ని రెండు అంచులకూ సమంగా లాగవద్దని. అచ్చు పుస్తకం వెడల్పులో రెండు వైపులా సమంగా ఉన్న పేజీ ముచ్చటగా ఉంటుంది, నిజమే. ఫోను తెర మీద లైనుకు మూడు నాలుగు మాటలే పడతాయి. మన మాటలేమో పొడవు. ‘వెళ్లిపోవాలనుకుంటున్నట్టుగా’ అన్న ఒక్క మాటే దాదాపు లైనంతా తీసుకుంటుంది. ఆ మాట కింది లైనుకు దిగిందంటే, పైన మిగిలిన రెండు మాటలనూ అంచుల దాకా సాగదీస్తుంది యంత్రం. పేజీ పళ్లూడిన దువ్వెనలా తయారవుతుంది. ఎడమవైపు మాత్రం సమంగా ఉంచి, కుడివైపు దాని దారిన వదిలేయండి.

పేరాల దగ్గర కథకూ వ్యాసానికీ తేడా ఉంది, చాలామంది ఇక్కడే పొరపడతారు. తెర మీద చదివే వ్యాసాల్లో ప్రతి పేరా తర్వాతా ఒక ఖాళీ లైను వదలడం అలవాటైపోయింది. కథలో ఖాళీ లైనుకు అర్థం ఉంటుంది: కాలం గడిచిందనో, చోటు మారిందనో, ఇంకొకరి కళ్లతో చూస్తున్నామనో. మీ కథలో ఒక పేరా ‘తలుపు వేసుకుని పడుకున్నాడు’ అని ముగిసిందనుకుందాం. తర్వాతి పేరా ‘పెళ్లికి అందరూ వచ్చారు’ అని మొదలైంది. నడుమ మూడేళ్లు గడిచాయి. అన్ని పేరాల మధ్యా ఒకే ఖాళీ ఉంటే ఆ మూడేళ్లు పాఠకుడికి తెలియవు. మర్నాడే పెళ్లి అనుకుంటాడు. రెండు పేరాలు చదివాక తికమకపడి వెనక్కి వెళ్తాడు. అందుకని మామూలు పేరాల మధ్య ఖాళీ తీసేయండి, మొదటి లైను కొద్దిగా లోపలికి జరపండి. సన్నివేశం మారిన చోట మూడు చుక్కలు నడిమధ్యన పెట్టండి. ఉత్త ఖాళీ లైను చాలదు. ఈ-పుస్తకంలో పేజీ ఎక్కడ తెగుతుందో మన చేతుల్లో ఉండదు. ఖాళీ సరిగ్గా పేజీ చివర పడితే కనిపించకుండా పోతుంది.

పీడీఎఫ్ చేయాలా, ఈపబ్ చేయాలా అని మీరు అడగలేదు కానీ ఎలాగూ ఆ ప్రశ్న వస్తుంది. ఈపబ్ చేయండి. అది ఈ-పుస్తకాల కోసమే తయారైన ఫైలు రూపం. పీడీఎఫ్ అచ్చు పేజీని ఉన్నదున్నట్టు నిలబెట్టడానికి పుట్టింది. ఫోనులో దాన్ని చదవాలంటే వేళ్లతో పెద్దది చేసుకుని, ప్రతి లైనుకూ అటూ ఇటూ జరుపుకోవాలి. ఈపబ్‌లో అక్షరం పెద్దది చేస్తే లైన్లు వాటంతట అవే సర్దుకుంటాయి. చూపు మందగించిన పాఠకులకు ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఈపబ్ ఇవ్వాలి. లిబ్రే ఆఫీస్ రైటర్ నుంచి నేరుగా ఈపబ్‌గా దాచుకోవచ్చు. వర్డ్ ఫైలుంటే కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మార్చిపెడుతుంది. ప్రతి కథ పేరునూ కేవలం లావు అక్షరాలు చేసి వదలకుండా ‘హెడింగ్ 1’ స్టైల్‌లో పెట్టండి, విషయసూచిక దానంతట అదే తయారవుతుంది. పుస్తకం వివరాల్లో భాష తెలుగు అని తప్పకుండా నమోదు చేయండి. చెప్పకపోతే, చదివి వినిపించే యంత్రం తెలుగు కథను ఇంగ్లిష్ గొంతుతో మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

మీ అబ్బాయి చెప్పిన రంగు నేపథ్యం సంగతి ఇక్కడే తేలిపోతుంది. చాలామంది రాత్రిపూట తెరను నల్లగా మార్చుకుని చదువుతారు. మీరు అక్షరాలకు నలుపు రంగు బిగించేసి ఉంటే, నల్ల తెర మీద నల్ల అక్షరాలు పడే అవకాశం ఉంది. రంగు మీరు నిర్ణయించవద్దు, చదివేవాళ్లకు వదిలేయండి. రంగు వాడి తీరాల్సింది ముఖచిత్రం మీదే. అక్కడ కూడా అక్షరానికీ వెనకాల రంగుకీ తేడా స్పష్టంగా ఉండాలి. ఇందాకటి మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు ఆ తేడా (కాంట్రాస్ట్ నిష్పత్తి) కనీసం 4.5:1 ఉండాలి. లేత గులాబీ మీద తెల్ల అక్షరాలు ఈ పరీక్షలో నెగ్గవు.

ముఖచిత్రం తయారయ్యాక దాన్ని బొటనవేలి గోరంత చేసి చూడమనండి మీ అబ్బాయిని. పుస్తకాల వరసలో మొదట కనిపించేది ఆ సైజులోనే. అప్పుడు కూడా పుస్తకం పేరు చదవగలిగితే సరే. నాలుగు మాటలకు మించిన పేరు, ఉపశీర్షిక, మీ ఫోటో, ఒక ఇల్లు, ఒక చెట్టు, ఒక పక్షి అన్నీ పెడితే గోరంత సైజులో ఏదీ మిగలదు. ఒక బొమ్మ, ఒక పేరు, మీ పేరు. వెడల్పు ఒకటైతే ఎత్తు 1.6 ఉండేలా గీయిస్తే ఎక్కువ చోట్ల ఇబ్బంది ఉండదు.

ప్రతి కథకూ బొమ్మ అనే ఆలోచనకు నేను ఒప్పుకోలేను. మీరు సుజాత అని రాయగానే చదివేవాళ్ల మనసులో ఒక ముఖం మొలుస్తుంది. అది వాళ్ల చిన్నమ్మదో, చిన్నప్పటి టీచరుదో కావచ్చు. పైన ముందే ఒక అమ్మాయి ముఖం వేసిపెడితే వాళ్లకు ఆ అవకాశం పోతుంది. మనుషుల ముఖాలు లేని చిన్న రేఖాచిత్రాలు, అవి కూడా ఒకే చేయి గీసినవి అయితే, కథ పేరు కింద ఉండనివ్వండి. చిత్రకారులు దొరక్కపోతే ఏమీ పెట్టకపోవడమే మేలు. ముప్పై నాలుగు చోట్ల నుంచి తెచ్చిన ముప్పై నాలుగు రకాల బొమ్మలు పెడితే పుస్తకం ఒకరు రాసినట్టు కనిపించదు.

ఇప్పుడు మీ అసలు బెంగ. పాత కథల్ని తిరగరాయాలా? నా సలహా, వద్దు. పదేళ్ల క్రితం రాసిన మనిషికి ఇప్పటి నేర్పు లేకపోవచ్చు, ఆ మనిషికున్న ఆవేశం ఇప్పుడు మీకు లేకపోవచ్చు కూడా. ఇప్పటి చేత్తో దిద్దుతూ పోతే నేర్పు అరకొరగా అతుక్కుంటుంది, ఆవేశం మాత్రం పూర్తిగా పోతుంది. కాలాన్ని మార్చే పని అసలే పెట్టుకోవద్దు. ల్యాండ్‌లైన్ మోగుతుందా అని రాత్రంతా ఎదురుచూసే పాత్ర చేతిలో సెల్‌ఫోన్ పెడితే ఆ ఎదురుచూపే ఉండదు, కథా ఉండదు. దానికి బదులు కథ చివర అది మొదట అచ్చయిన సంవత్సరం వేయండి. పాఠకులు ఆ లెక్కలోనే చదువుకుంటారు.

దిద్దదగినవి కొన్ని ఉన్నాయి. అచ్చుతప్పులు ఎలాగూ సరిచేస్తారు. ఒకే పాత్ర పేరు నడుమలో మారిపోయిన చోట్లు, వయసుల లెక్క తప్పినవి చూడండి. వాటికి మించి నేను మిమ్మల్ని చూడమనేది ప్రతి కథ ఆఖరి పేరా. తొలి రోజుల్లో రాసిన కథల్లో ముగింపు అయిపోయాక ఇంకో పేరా ఉంటుంది, కథ ఏం చెప్పిందో మళ్లీ విడమరచడానికి. దాన్ని చేత్తో మూసి మిగిలింది చదవండి. కథ పూర్తయినట్టే అనిపిస్తే ఆ పేరా కొట్టేయండి. ఒక్క వాక్యం కూడా కొత్తగా రాయకుండానే కథ మారిపోతుంది. నిజమైన కొత్త రూపం అదే అంటాను.

దిద్దినా నిలబడని కథలు కొన్ని ఉంటాయి. వాటిని వదిలేయండి. ముప్పై నాలుగు కథలు ఒక పుస్తకానికి చాలా ఎక్కువ. ఇరవై, ఇరవై రెండు దగ్గర ఆగగలిగితే చదివినవాళ్లు ఆఖరి కథ దాకా వస్తారు. ఏవి తీయాలో తేలకపోతే, చదివిన స్నేహితులను ‘ఏది నచ్చింది’ అని అడగకండి, మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు. ‘ఏవి గుర్తున్నాయి’ అని అడగండి.

వరస కూడా రూపంలో భాగమే. రాసిన కాలక్రమంలో పెడితే మీ తొలి, బలహీనమైన కథలు గుమ్మంలోనే ఎదురవుతాయి. మీ గురించి ఏమీ తెలియని మనిషి సులువుగా లోపలికి రాగలిగే కథ మొదట ఉండాలి. అది బహుమతి వచ్చినదే కానక్కర్లేదు. చావుతో ముగిసే రెండు కథలు పక్కపక్కన వద్దు. ‘నేను’ అంటూ నడిచే కథలు రెండు వెంటవెంటనే వస్తే రెండో ‘నేను’ ఎవరో తెలియడానికి ఒక పేజీ పడుతుంది. పెద్ద కథ తర్వాత చిన్నది పెట్టండి. విషయసూచికను ఒకసారి పైకి చదవండి, పేర్లన్నీ ఒకే తీరుగా వినిపిస్తే కొత్త కథల్లో ఒకటి రెండింటి పేర్లు మార్చవచ్చు. ఇదివరకు అచ్చయిన వాటి పేర్లు మార్చకండి, ఆ పేరుతో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారు.

ఫైలు సిద్ధమయ్యాక ఇద్దరికి పంపండి. ఒకరు ఫోనులో అక్షరాలను బాగా పెద్దవి చేసుకుని చదివే పెద్దవాళ్లు అయి ఉండాలి. ఇంకొకరిని ఒక్క కథైనా ఫోను చేత చదివించుకుని వినమనండి. మొదటివారు లైన్లు ఎక్కడ విరిగాయో చెబుతారు. రెండోవారు కంటికి కనిపించని తప్పులను చెవితో పట్టిస్తారు. అప్పుడు ముందు పేజీలో ఇది మలి కూర్పు అని, ఏ సంవత్సరం మొదటి సంపుటి నుంచి తీసుకున్నదో, ఏ కథల్లో ముగింపులు మార్చారో రెండు లైన్లు రాయండి. విషయసూచికలో కొత్త కథల పక్కన ఒక గుర్తు పెట్టండి. పాత సంపుటి ఇంట్లో ఉన్నవాళ్లు ముందుగా వెతికేది వాటికోసమే.